మా అక్కకంతే

మా అక్క పోయింది. ఇరవై రోజులైంది. కంప్లిలో మా వీధికీ చుట్టుపక్కల తెలుగు రైతుల క్యాంపులకూ అప్పుడే తెలిసిపోయింది గానీ, దూరాన ఉన్నవాళ్ళు ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నారు. కూరెకుప్ప నుంచి మా చిన్నాయన చేశాడు. "అయ్యో, కరోనాలోనే పోతాదనుకొంటిమి కదప్పా. అంత పెద్ద గండం దాటి ఇప్పుడు పోయిందా?" అన్నాడు. వయసులో పెద్దవాడని కూడా చూడకుండా కసురుకుని ఫోన్ పెట్టేశాను. నా నోరు అలాంటిది, ఊరంతటికీ తెలుసు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. గండం దాటిందనే నేనూ అనుకున్నాను. దాటించింది నేనేనని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

చదివేవాళ్ళకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. మా అక్క గుండె జబ్బుతోనే పుట్టింది. గుండెలో రంధ్రం, దానికి తోడు ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకు. చెడు రక్తమూ మంచి రక్తమూ కలిసి ఒళ్ళంతా తిరిగేవి. అందుకే పెదవులూ గోళ్ళూ ఎప్పుడు చూసినా నేరేడుపండ్లు తిన్నట్టు ఉండేవి. తొమ్మిదేళ్ళప్పుడు బెంగళూరులో ఒక చిన్న ఆపరేషన్ చేసి, పెద్దది కొన్నేళ్ళు పోయాక చేస్తాం, తీసుకురండి అన్నారు. ఆ కొన్నేళ్ళలో మా నాయన పోయాడు. అమ్మకు భయం. పిల్ల తిరుగుతానే ఉండాది కదా అని అందరం ఊరుకున్నాం. మళ్ళీ తీసుకుపోయేసరికి, ఇప్పుడు కోస్తే బల్ల మీదే పోవచ్చు, మందులతోనే ఉండనీయండి అన్నారు. మందులతోనే నలభై ఆరేళ్ళు వచ్చాయి. నాకంటే మూడేళ్ళు పెద్ద.

నాలుగడుగులు గబగబా వేస్తే చాలు, ఎక్కడున్నా సరే మోకాళ్ళు ఛాతీకి ఆనించుకుని గొంతుకూర్చునేది. బస్టాండులో, బజార్లో, పెళ్ళి ఊరేగింపు మధ్యలో. అలా కూర్చుంటే ఊపిరి సర్దుకుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, నడక వచ్చినప్పుడే ఆ అలవాటూ వచ్చిందట. తెలియనివాళ్ళు కంగారుపడి "ఏమైందమ్మా, నీళ్ళేమన్నా కావాల్నా?" అని చుట్టూ చేరేవాళ్ళు. అక్క తలెత్తి నవ్వేది. "ఏమీ లేదు లేప్పా. నేను ముందొచ్చేసినా, గుండె ఇంకా వెనకాల వస్తాండాది. అదీ రానీ, ఇద్దరం కలిసి లేస్తాం."

బడికి పోయే రోజుల్లో నాకు దాంతో చచ్చేంత సిగ్గు. అక్క కూర్చోగానే నేను పదడుగులు ముందుకుపోయి, ఎవరో తెలియనట్టు గోడ మీద సినిమా కాగితాలు చూస్తూ నిలబడేవాణ్ణి. ఆమెకు తెలుసు. ఒక్కసారి కూడా ఇంట్లో చెప్పలేదు.

పదో తరగతితో చదువు ఆగిపోయింది. ఇంటి ముందర అరుగుకట్ట మీద చాప వేసుకుని అర్జీలు రాయడం మొదలుపెట్టింది. మా వైపు సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. మేం తెలుగువాళ్ళం, తరాల నుంచి ఈ కన్నడ నేల మీదే ఉన్నాం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. వరినాట్లకు పోయే ఆడవాళ్ళకూ ముసలివాళ్ళకూ మాట్లాడటానికి రెండూ వచ్చు గానీ రాయడానికి ఏదీ రాదు. వాళ్ళు తెలుగులో చెప్పేవాళ్ళు, అక్క కన్నడంలో రాసేది, రాసింది మళ్ళీ తెలుగులో చదివి వినిపించేది. పింఛను, రేషన్ కార్డు, పొలం పహణిలో పేరు తప్పు, పిల్లోడి టీసీ. కొందరు రాయించుకుంటూ ఏడ్చేవాళ్ళు. ఇదీ రాయమ్మా, అదీ రాయమ్మా అని బతిమాలేవాళ్ళు. అక్క కలం ఆపి ఓపికగా చెప్పేది. "కష్టం గురించి రెండు వరసలే పెద్దమ్మా. మూడో వరస ఆఫీసోళ్ళు చదవరు. ఆ మిగతాది నాకు చెప్పు, నేను వింటాండా."

నాకు తెలుగు అక్షరాలు నేర్పించింది కూడా ఆ కట్ట మీదే. నేను చదివింది కన్నడ మీడియం. "రెండూ ఒక అమ్మ పిల్లలేరా. అక్షరం అదే, పెట్టుకున్న టోపీ వేరే" అని పలక మీద తలకట్లు దిద్దించేది. ఈ రోజు మీ కోసం నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆమె చలవే.

ఇక కరోనా సంగతికి వస్తాను.

నాది విత్తనాల అంగడి. రోజుకు వందమంది రైతులు వచ్చిపోతారు. పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఈ రోగం సోకితే బతకడం కష్టమని టీవీలో విన్న రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. అక్కను వెనక గదిలో ఉంచాను. కట్ట మీద చాప ఎత్తేసి అడ్డంగా బెంచీ పెట్టాను. నేను అంగడి గోడౌన్లోనే యూరియా మూటల పక్కన పడుకున్నాను, కొన్ని నెలల పాటు. నా భార్య అన్నం గిన్నె గుమ్మం దగ్గర పెట్టి పక్కకు జరిగితే, తీసుకుని వచ్చేసేవాణ్ణి. అక్క గది కిటికీ సందు వైపు ఉంటుంది. అక్కడ నిలబడి మాట్లాడేవాణ్ణి.

"ఎట్లుండావక్కా?"

"లోపలుండా" అనేది.

ఒక రోజు నేను పోయేసరికి ఆ కిటికీ దగ్గర నది ఒడ్డు క్యాంపు నుంచి వచ్చిన ఒక ముసలామె నిలబడి ఉంది. చువ్వల్లోంచి కాగితం అందిస్తోంది. బస్సుల్లేవు, అంత దూరం నడిచి వచ్చింది. లోపల అక్క మూతికి గుడ్డ కట్టుకుని రాస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "బుద్ధుందా నీకు? మా అక్కను చంపాలని వచ్చినావా?" అని ముసలామె మీద విరుచుకుపడ్డాను. పాపం, ఆమె కాగితం కూడా వదిలేసి వెళ్ళిపోయింది. అక్క నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కిటికీ దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది. "నువ్వు నన్ను బతికిస్తాండావా, దాచిపెడతాండావా? ఏదో ఒకటి చెప్పురా, దానికి తగినట్టు ఉంటా."

బతికిస్తున్నాననే అనుకున్నాను.

రెండో ఏడు ఇంకా ఘోరం. ఆశా కార్యకర్తలు వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే క్లిప్పు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. తొంభై అయిదు పైన ఉంటే క్షేమం, తొంభై కంటే తగ్గితే ఆసుపత్రి. మా ఇంటికి వచ్చిన అమ్మాయి కొత్తది. నాకు పెట్టింది, తొంభై ఏడు. నా భార్యకు పెట్టింది, తొంభై ఎనిమిది. అక్కకు పెట్టింది. పెట్టి, మళ్ళీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. ముఖం పాలిపోయింది. "అయ్యో దేవరే! ఎంబత్తు!" అంటూ గుమ్మం దాకా వెనక్కి నడిచింది. ఎంబత్తు అంటే ఎనభై. అక్క మెటికలు విరుచుకుంటూ మామూలుగా నిలబడి ఉంది.

ఆ అమ్మాయి బయటి నుంచే కన్నడంలో గట్టిగా అడిగింది. "ఉసిరాటద తొందరె ఇదెయా?" కన్నడంలో ఉసిరు అంటే ఊపిరి. ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉందా అని ఆమె అడుగుతోంది. నా భార్యది గుంతకల్లు వైపు, అంత కన్నడం రాదు. ఆమెకు వినిపించింది ఉసురు. కోపం వచ్చేసింది. "ఉసురా? మేం ఎవురి ఉసురూ పోసుకోలేదు తల్లీ! పొద్దున్నే ఇంటికొచ్చి ఏం మాటలవి?"

అక్క నవ్వింది. పడీపడీ నవ్వింది. నవ్వితే ఆయాసం, ఆయాసం వస్తే గొంతుకూర్చోవడం. అక్క తలుపు పట్టుకుని కూలబడటం చూసి ఆ అమ్మాయి మనిషి పడిపోయిందనే అనుకుంది. ఫోన్ తీసింది. అరగంటలో మా సందులోకి బండి వచ్చింది. తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి తొడుగులు వేసుకున్నవాళ్ళు ముగ్గురు దిగారు. మిద్దెల మీద జనం.

వాళ్ళ తప్పు ఏమీ లేదు. ఎనభై చూపిస్తే తీసుకుపోవడమే వాళ్ళ పని. కానీ తీసుకుపోతే ఏమవుతుంది? లేని రోగం ఉందని రోగుల మధ్య పడుకోబెడతారు, ఆ రోగం అక్కడే అంటుకుంటుంది, మా అక్క తిరిగి రాదు. నేను తలుపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. "మా అక్కకంతే! పుట్టినప్పట్నుంచీ అంతే! ఆమెకు ఎనభయ్యే మామూలు!" అని అరిచాను. బెంగళూరు ఫైలు తెచ్చి చూపించాను. వాళ్ళు ముట్టుకోలేదు. మాటా మాటా పెరిగింది.

అప్పుడు అక్క కిటికీ దగ్గరికి వచ్చింది. పాత క్యాలెండరు వెనక పెద్ద అక్షరాలతో కన్నడంలో రాసి చువ్వలకు ఆనించి పట్టుకుంది. రెండే వరసలు. నాకు పుట్టుకతో గుండె జబ్బు. ఎనభై నాకు మామూలు. ముగ్గురిలో పెద్దాయన దగ్గరికి వచ్చి చదివాడు. ఎవరో డాక్టరుకు ఫోన్ చేశాడు. ముక్కులో పుల్ల పెట్టి చూశారు, రోగం లేదు. "ఒళగె ఇట్కొళ్ళి" అన్నాడు నాతో. లోపలే ఉంచుకోండి అని. బండి వెళ్ళిపోయింది. నేను గుమ్మంలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అక్క లోపలి నుంచి "లేయ్ రా, జనం చూస్తాండారు" అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాట మంత్రమైపోయింది. మా అక్కకంతే. మందుల షాపులో, బ్యాంకు గేటు దగ్గర, పన్ను పీకించుకోవడానికి పోయినచోట, ఎవరు వేలికి క్లిప్పు పెట్టి కళ్ళు పెద్దవి చేసినా, వాళ్ళు నోరు తెరిచేలోపే నేను అనేవాణ్ణి. బడిలో టీకా వేసే రోజు, హార్టు పేషెంటుకు వేయం పొమ్మన్నారు. హార్టు పేషెంటుకే ముందు వేయాలని అక్క అక్కడే నిలబడి అర్జీ రాసి చేతికిచ్చింది. వేయించుకుని బయటికి వచ్చి, "నా అర్జీకి జవాబు అదే రోజు వచ్చింది ఇదొక్కసారే కదరా" అని ఎంత సంబరపడిందో.

నేనే ఒక క్లిప్పు కొన్నాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎనభై ఒకటి వస్తే "ఈ పొద్దు ఫస్ట్ క్లాస్" అనేది అక్క. డెబ్భై ఎనిమిది వస్తే "జస్ట్ పాస్" అనేది. చేతులు చల్లగా ఉంటే తక్కువ చూపిస్తుందని నేర్చుకున్నాను. రుద్ది, వేడి చేసి, మళ్ళీ పెట్టేవాణ్ణి. ఆ క్లిప్పు గురించి డాక్టర్ల కంటే నాకే ఎక్కువ తెలుసునని నమ్మాను.

రోగం తగ్గాక బెంచీ తీసేశాను. అక్క మళ్ళీ కట్ట మీదికి వచ్చింది. కానీ అర్జీలు కంప్యూటర్లోకి పోయాయి. వీధి చివర సెంటరులో బొటనవేలు పెడితే పని అయిపోతోంది. వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. అయినా అక్క చాప వేసుకుని కూర్చునేది. దారినపోయేవాళ్ళను పిలిచి "ఏమప్పా, ఏంటికట్ల ముఖం మాడ్చుకుని పోతాండావు, రా, కూర్చో" అనేది. ఆమెకున్నదే కొద్ది ఏళ్ళు. అందులోంచి నేను రెండేళ్ళు తీసి వెనక గదిలో పెట్టాను. మనుషులు వస్తున్న చివరి రెండేళ్ళు అవి. ఆ ముసలామె మళ్ళీ ఎప్పుడూ రాలేదు. వచ్చి ఉంటే కాళ్ళకు దండం పెట్టేవాణ్ణి.

ఒకసారి డ్యాం గేట్లు ఎత్తితే వంతెన మీదికి నీళ్ళు వచ్చాయి. చూడాలని పోరు పెడితే బండి మీద తీసుకుపోయాను. జనంలో నిలబడి చాలాసేపు చూసింది. "ఎంత జోరుగా పోతాందిరా! నాకందులో ఒక చెంచాడు ఇచ్చినా చాలు" అంది. నవ్వుతూనే అంది. నేను మాత్రం ఆ మాట విని ఎటో చూశాను.

పోయిన నెల దగ్గు పట్టుకుంది. కొంచెం జ్వరం. క్లిప్పు డెబ్భై ఆరు చూపించింది. చలిగాలికి చేతులు చల్లబడ్డాయన్నాను. మరుసటి రోజు డెబ్భై మూడు. రుద్దితే డెబ్భై నాలుగు అయింది. చూశావా అన్నాను. నా భార్య ఒప్పుకోలేదు. "వదినకు ఎప్పుడూ ఎనభై కదా. ఇప్పుడెంతుండాది చూడు. బళ్ళారికి పోదాం పద" అంది.

"నీకేం తెలుసు? ఎంతమందికి చెప్పినాం? మా అక్కకంతే" అని నోరు మూయించాను. నేను, ఆ మాటతో ఊరినంతా ఎదిరించినవాణ్ణి, ఆ మాటే నమ్మి కూర్చున్నాను.

నాలుగో రోజు పొద్దున అరవై తొమ్మిది. అక్క మూడు దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. నా ముఖం చూసి "నాకంతే లేరా. అంగడికి పో, నారు పోసే కాలం, జనం కాచుకోనుంటారు" అంది. ఆసుపత్రి మాట ఎత్తితే నా చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ లోపల పెడతారురా" అంది. ఆ మాట నాకు తగలాల్సినచోటే తగిలింది. ఆమెను ఇంకోసారి గదిలో పెట్టడానికి నాకు మనసు రాలేదు. అంగడికి పోయాను. సోనామసూరి విత్తనం తూకం వేస్తూ నిలబడ్డాను, నా అక్క ఇంట్లో ఊపిరి కోసం కొట్టుకుంటుంటే.

మధ్యాహ్నం నా భార్య ఫోన్ చేసింది. కారు మాట్లాడుకుని బయల్దేరాం. దారిలో నేనే ఏవేవో మాట్లాడాను. బాగైపోతావన్నాను, కట్ట మీదికి కొత్త చాప కొంటానన్నాను, చిన్నప్పుడు బజార్లో నిన్ను వదిలేసి ముందుకు పోయినందుకు తిట్టక్కా అన్నాను. కురుగోడు దాటాక నా భుజం మీద ఆమె తల బరువెక్కింది. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెకు అర్థమైంది. నేను డ్రైవరును ఇంకా తొందరగా పోనీ అని తిడుతూనే ఉన్నాను.

ఎవరి ఉసురూ పోసుకోలేదని ఆ రోజు నా భార్య అంది. నేను పోసుకున్నాను. అక్క ఉంటే ఈ మాట ఒప్పుకునేది కాదు. కన్నడంలో అది ఊపిరేరా పిచ్చోడా అని నవ్వేసి ఉండేది. నాకు మాత్రం రెండూ ఒకటే అనిపిస్తున్నాయి.

బళ్ళారిలో ఆసుపత్రి గుమ్మం దగ్గరే స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. ఒక నర్సు పరుగున వచ్చింది. చిన్న వయసు. అక్క చూపుడువేలికి క్లిప్పు పెట్టింది. అంకె రాలేదు. రెండు గీతలు వచ్చాయి. ఆమె నా వైపు తలెత్తింది. ఆమె నోరు తెరిచేలోపే, అన్నేళ్ళ అలవాటు, నేను అనేశాను. "మా అక్కకంతే సిస్టర్. పుట్టినప్పట్నుంచీ అంతే. ఆమెకు తక్కువే చూపిస్తాది."

ఆ అమ్మాయి నన్నే చూసింది. చూపుడువేలి నుంచి తీసి మధ్యవేలికి పెట్టింది. గీతలే.

"చేతులు చల్లగుంటే రాదు సిస్టర్. రుద్దాల."

ఆమె అక్క చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దింది. నిజంగానే రుద్దింది, మెల్లగా, చాలాసేపు. ఉంగరపు వేలికి పెట్టింది. చిటికెన వేలికి పెట్టింది. బొటనవేలికి పెట్టింది. ప్రతి వేలి దగ్గరా కాసేపు ఆగి, నాతో పాటు ఆ గీతల వైపు చూసింది. తర్వాత స్ట్రెచరు చుట్టూ తిరిగి అవతలి వైపుకు వచ్చి, దుప్పటి కింద నుంచి అక్క రెండో చెయ్యి బయటికి తీసింది.